కోడింగ్ బావగారు

పూర్వం ప్రతి చుట్టరికంలోనూ హోమియో గుళికలు పంచే బాబాయో, ముహూర్తాలు పెట్టే మామయ్యో ఒకరుండేవారు. ఇప్పుడు ఆ పీట మీదికి మెడికల్ కోడర్ వచ్చి కూర్చున్నారు. బీఫార్మసీ చదివి, అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, సీపీసీ పరీక్ష గట్టెక్కి, మాదాపూర్‌లో ఏసీ గదిలో కూర్చుని అమెరికావాళ్ళ జబ్బులకు నంబర్లు వేసే మనిషి. మా అక్క భర్త ఆ కోవకు చెందినవారే. ఆయన వంతుకు పళ్ళ చార్టులు వచ్చాయి. ఒహాయోలో ఎవరికి ఏ పన్ను కదులుతోందో ఆయనకు కంఠతా వచ్చు. పేర్లు మాత్రం చచ్చినా చెప్పరు, అక్కడ హిపా అని చట్టం ఉంది. మా అక్క మూడు రోజులుగా దవడ పట్టుకుని తిరుగుతున్నా గమనించరు. అది ఆయన క్యూలో లేదు.

ఆయన జీవితం మొత్తం ఒక్క సూత్రం మీద నడుస్తుంది: రాయనిది జరగలేదు. డాక్టరు పన్ను బాగుచేసి ఉండొచ్చు, రోగి హాయిగా ఇంటికెళ్ళి మొక్కజొన్న పొత్తు తిని ఉండొచ్చు. చార్టులో లేకపోతే బావగారి లెక్కలో ఆ పన్నూ లేదు, పొత్తూ లేదు.

ఆయనకు ప్రాణం లాంటి కోడు కె08.51. పంటికీ ఫిల్లింగుకీ మధ్య అంచు అతుక్కోకుండా సందు పడితే ఆ నంబరు. ఆ సందులోంచి ఉమ్మీ, సూక్ష్మజీవులూ లోపలికి దూరి, ఫిల్లింగ్ కిందే మళ్ళీ పుచ్చు మొదలవుతుంది. 2015 అక్టోబర్ 1న అమెరికా ఐసీడీ-10-సీఎమ్ అనే జబ్బుల నంబర్ల పట్టికకు మారింది, అందులో పనికిరాని ఫిల్లింగులకు ఓ కుటుంబమే ఉంది. బాగుచేయడానికి వీల్లేకుండా బయటికి పొడుచుకొస్తే 08.52. విరిగినా ముక్క ఊడకపోతే 08.530, ఊడితే 08.531. పడకపోతే, అంటే ఎలర్జీ అయితే, 08.55. చూడ్డానికి బాగోకపోతే 08.56. మా అమ్మ కుంకుడుకాయలు కొడుతూ ఇదంతా విని, "ఇన్ని రకాలుగా చెడిపోయేదాన్ని అసలు వేయడమెందుకు అల్లుడుగారూ?" అంది. బావగారు దాన్ని ప్రశ్నగా తీసుకోలేదు.

ఆ కుటుంబంలో ఆయన గడప తొక్కనివ్వని సభ్యుడు ఒకడున్నాడు: 08.50, అన్‌స్పెసిఫైడ్. ఫిల్లింగ్ బాగోలేదు గానీ ఎందుకో తెలీదు అన్నమాట. "తెలీకపోవడమేంటి? డాక్టరు రాయలేదంతే" అని పళ్ళు నూరతారు. పోనీ మనింట్లో అయినా ఈ పట్టింపు ఉండదా అంటే, అదీ కుదరదు. "ఏం కూర?" అంటే "ఏదో ఒకటి చేశాంలెండి" అనడానికి ఆయన ముందు ఎవరికీ ధైర్యం చాలదు. కోడిపుంజు చిన్నక్క కొడుకుని పిక్క మీద పొడిచి, అందరం డెటాల్ కోసం పరిగెడుతుంటే, ఆయన కుర్చీలోంచి లేవకుండా "డబ్ల్యూ61.33 ఎక్స్ ఎ" అన్నారు. కోడి పొడవడానికి నిజంగానే కోడుంది. చివర ఎ అంటే అసలు వైద్యం ఇంకా నడుస్తోందని, గాయం మానే దశలో మళ్ళీ చూపించుకుంటే అది డి అవుతుందని వాడికి బుజ్జగిస్తూ చెప్పారు. వాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు. అత్తామామలతో పడకపోవడానికీ జెడ్63.1 ఉందని ఒకసారి నోరు జారారు. మా నాన్న ఆ నంబరు క్యాలెండర్ మీద రాసుకున్నారు.

ఈ సంక్రాంతికి తెనాలి వచ్చినప్పుడు, కుండలో నీళ్ళు తాగుతూ బావగారే దవడ పట్టుకున్నారు. మూడేళ్ళ కిందట ఇక్కడే వేయించుకున్న ఫిల్లింగ్ అది. నేనే వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఎక్కడండీ నొప్పి?"

"అదే... ఈ పక్క."

"ఎప్పట్నుంచి?"

"ఈ మధ్యనే."

"ఎలా ఉంటుంది?"

"అప్పుడప్పుడు ఏదోలా ఉంటుందండీ."

కుర్చీ ఎక్కితే కోడరైనా అన్‌స్పెసిఫైడే అని నాకు ఆ క్షణాన తెలిసింది. ఆవిడ అద్దం పెట్టి చూసి, మొనదేలిన ఎక్స్‌ప్లోరర్‌తో ఫిల్లింగ్ అంచంతా తడుముతూ వచ్చింది. వెనకవైపు, చిగురు దగ్గరికి వచ్చేసరికి మొన టక్కున పట్టుకుంది. బైట్‌వింగ్ ఎక్స్‌రేలో అదే చోట నల్లటి గీత, దాని కింద కొంచెం నీడ.

"నలభై ఆరు, అంచు వదిలేసిందండీ" అంది.

"ముప్ఫై" అన్నారు బావగారు, నోట్లో ఆవిడ చెయ్యి ఉండగానే.

ఇద్దరూ చెప్పేది ఒకే పన్ను, కింద కుడివైపు మొదటి పెద్ద దంతం. మన డాక్టర్లు నోటిని నాలుగు భాగాలు చేసి లెక్కపెడతారు, అమెరికాలో ఒకటి నుంచి ముప్ఫై రెండు దాకా వరసగా వెళ్ళిపోతారు. ఈ పంచాయితీ తేలేసరికి ఒక దూది చుట్ట పూర్తిగా నానిపోయింది.

తర్వాత ఆయన పాత కార్డు అడిగి చూశారు. "46 – ఫిల్లింగ్", పక్కన తీసుకున్న డబ్బు. అంతే. ఏ వైపు వేశారు, ఏ మెటీరియల్, గుంట ఎంత లోతు, ఏదీ లేదు.

"చూశారా! ఈ సందు మొదట్నుంచీ ఉందా, నిన్న పడిందా? ఎలా తెలుస్తుంది?"

"ఆ రోజు బస్సుకి టైమైందని మీరేగా నన్ను పరుగులు పెట్టించింది" అందావిడ చల్లగా.

అయినా మంచి మనిషి, కలం తీసింది. బావగారు చెప్పారు, ఆవిడ రాసింది: పంటి నంబరు, డిస్టల్ (వెనక) వైపు, చిగురు దగ్గర అంచు తెరుచుకుంది, ఎక్స్‌ప్లోరర్ పట్టుకుంటోంది, ఎక్స్‌రే తేదీ, చల్లటి నీళ్ళకు జివ్వుమంటోంది, అంచు కింద కొత్త పుచ్చు. అతుకు వేస్తే నిలవదు కాబట్టి మొత్తం తీసి కొత్తది వేయాలి. "పుచ్చు ఉంది కాబట్టి 08.51 ఒక్కటే చాలదు, కె02లోంచి ఇంకోటి కూడా పడుతుంది" అన్నారాయన కళ్ళు మెరుస్తుండగా. నొప్పి సంగతి అప్పటికే మరిచిపోయారు.

"ఇంత పకడ్బందీగా రాయించారు, ఇన్సూరెన్సుకి పెడతారా?" అని అడిగింది.

"లేదండీ. మా కంపెనీ పాలసీలో పళ్ళకి కవరేజీ లేదు."

ఆవిడ కలం ఆగిపోయింది. "మరి ఇదంతా ఎవరికండీ?"

"రేపు ఈ నోరు చూసే డాక్టరుకి. మీరే కావచ్చు, మీకు నేను గుర్తుండకపోవచ్చు."

దానికి నా దగ్గరా, ఆవిడ దగ్గరా జవాబు లేదు. క్లెయిము కోసం రాస్తారనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. ఏ బీమా లేని నోట్లోనూ ఆ నాలుగు వాక్యాలకు పనుందని ఆయన మొహం చూస్తే నమ్మాలనిపించింది. కొత్త ఫిల్లింగ్ వేశారు, డబ్బు కట్టాం, రసీదు తీసుకుని మెట్లు దిగాం. భోగిమంటకు దుంగలు సర్దాలి రమ్మని నాన్న అప్పటికే రెండుసార్లు ఫోను చేశారు. స్కూటర్ స్టార్ట్ చేసి వెనక్కి తిరిగితే బావగారు లేరు. రసీదు పట్టుకుని మళ్ళీ మెట్లెక్కుతున్నారు. పైన డాక్టరమ్మ లైట్లు గబగబా ఆర్పేస్తోంది.

"డాక్టరుగారూ, ఒక్క నిమిషం! ఇందులో డిస్టల్ అని వేయలేదు!"