ఉగ్గుగిన్నె రెండో ఉద్యోగం

నేను ఉగ్గుగిన్నెని. వెండి ఒళ్లు, ఒక పక్క చిన్న ముక్కు. అంచుదాకా నింపితే 30 మిల్లీలీటర్లు పడతాను. తెనాలి కంసాలి చేతిలో పుట్టి, బారసాలకి అమ్మమ్మగారి కానుకగా గుంటూరులో ఈ ఇంటికి చేరాను. వసకొమ్ము అరగదీసిన గంధం, ఆముదం చుక్క, గోరువెచ్చని పాలు అన్నీ నా ముక్కులోంచే పాప నోట్లోకి జారాయి. పాపకి పళ్లొచ్చాక నాకు పని లేకుండా పోయింది. బీరువాలో వెండి పట్టీల పక్కన పాత పట్టుగుడ్డలో చుట్టేసి పెడితే నల్లబడుతూ కూర్చున్నాను.

ఓ రోజు నన్ను బయటికి తీసి చింతపండుతో తోముతుంటే, ఇంట్లో మనవడో మనవరాలో పుట్టారని మురిసిపోయాను. తీరా చూస్తే మంచం మీద ఉన్నది మా పాపే. నలభై దాటిన మనిషి! ఆసుపత్రివాళ్లిచ్చిన ప్లాస్టిక్ కొలతకప్పు కిందపడి పగిలిందట. అమ్మగారికి నేను గుర్తొచ్చాను.

పాపకి బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ అయింది. షుగరు, మోకాళ్ల నొప్పులు, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడటం, ఇవన్నీ భరించి భరించి చివరికి ఒప్పుకుంది. కడుపులో దాదాపు 80 శాతం కోసి తీసేశారు. మిగిలింది అరటికాయలాంటి సన్నటి గొట్టం. అందులో మహా అయితే 100 నుంచి 150 మిల్లీలీటర్లు పడుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ ఎక్కువగా ఊరే పైభాగం కూడా ఆ కోతలోనే పోయింది. అందుకే మొదట్లో పాపకి ఆకలన్నదే తెలియలేదు. తెలియకపోయినా తాగాల్సిందే. 15 నిమిషాలకి ఒక 30 మిల్లీలీటర్లు, అదీ గుక్కగుక్కగా. అంటే సరిగ్గా నేనంత. ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

మళ్లీ పాలు మోస్తాననుకున్నాను. ఆ ముచ్చట తీరలేదు. పాప ఆపరేషన్‌కి ముందునుంచే వీగన్. మాంసం, గుడ్డు సరే, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టదు. ఉద్యోగం చేసే ఊళ్లో, తన అద్దెయింటి వెనకున్న పశువుల కొట్టంలో, చచ్చిపోయిన దూడ తోలులో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టడం కళ్లారా చూసిందట. గేదె ఆ గడ్డిబొమ్మని నాకుతూ చేపుకొస్తుంటే పాలు పిండుకున్నారట. ఆ సాయంత్రం నుంచి కాఫీ నల్లగా తాగడం మొదలుపెట్టింది.

"మజ్జిగతేట కూడా వద్దంటే నిన్నెట్లా బతికించుకునేదే?" అని అమ్మగారు కళ్లొత్తుకున్నారు.

"పప్పుకట్టు పొయ్యమ్మా, తాగుతాను" అంది పాప.

పోషకాహార నిపుణురాలు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. "వీగన్‌గా ఉండొచ్చమ్మా, తప్పేం లేదు. కాకపోతే ఈ ఆపరేషన్ అయినవాళ్లందరికీ ఒక లెక్క ఉంటుంది. మీకు రెండు లెక్కలు." నేనూ చెవులు రిక్కించి విన్నాను.

మొదటి లెక్క మాంసకృత్తులది. రోజుకి కనీసం 60 గ్రాములు అందాలి. అందకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది. చిక్కటి పప్పు వంద గ్రాములు తింటే వచ్చేది ఏడు గ్రాములు. ఆ లెక్కన నా నిండా పప్పు పోస్తే రెండు గ్రాములు. 60 కావాలంటే నన్ను రోజుకి ముప్పైసార్లు నింపాలి. అంత పప్పుకి ఆ గొట్టంలో చోటెక్కడిది? పావుగంటకోసారి తాగే నీళ్ల మధ్య ఇన్నిసార్లు తాగే తీరిక మాత్రం ఎక్కడిది? అందుకని పొడి తప్పలేదు. ముందు తెచ్చిన డబ్బా పాల విరుగుడు నుంచి తీసిన వే ప్రోటీన్ అని తెలిసి, దాన్ని మార్చి బఠాణీ, సోయా పొడులు తెచ్చారు. అమ్మగారు కళ్లజోడు పెట్టుకుని డబ్బాల మీద ఆకుపచ్చ వీ గుర్తు వెతకడం నేర్చుకున్నారు. మన దేశంలో వీగన్ ఆహారానికి 2022లో నిబంధనలు వచ్చాక ఆ గుర్తు పని తేలిక చేసింది.

నీళ్ల రోజులు పోయి మెత్తటి తిండి రోజులు వచ్చాయి. అమ్మగారి ప్రతాపం అప్పుడు చూడాలి. పెసరపప్పు కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించి, మెత్తగా ఉడికించి, మిక్సీలో తిప్పి, పలుకు తగలకుండా జల్లెడలో వడగట్టేవారు. చిటికెడు వాము పొడి, నలుసంత ఇంగువ, దించాక నాలుగు చుక్కలు నిమ్మరసం. చెయ్యి అలవాటుగా నేతిగిన్నె దాకా వెళ్లి వెనక్కి వచ్చేది. ఇంకో పూట మెత్తటి టోఫూని పసుపు, జీలకర్రతో చిదిమి పెట్టేవారు. పాప చిన్న చెంచాతో అరచెంచా తీసుకుని నోట్లో నానబెట్టి, నమిలి, చెంచా కింద పెట్టి ఆగేది. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంటదాకా కూడా తాగకూడదు.

రెండో లెక్క మాత్రలది. మొక్కల తిండిలో బి12 విటమిన్ నమ్ముకునేంత ఉండదు. దాన్ని ఒంట పట్టించే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే పదార్థం ఊరేది కడుపు గోడల్లో. ఆ గోడలు చాలావరకు కోతలో పోయాయి. దారి రెండువైపులా మూసుకుపోయిందన్నమాట. రోజూ మాత్రో, నెలకో ఇంజెక్షనో జీవితాంతం తప్పదు. అశ్రద్ధ చేస్తే రక్తం తగ్గడమే కాదు, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి నరాలు దెబ్బతింటాయి. ఇనుముదీ ఇబ్బందే. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. కాస్త నిమ్మరసం తోడైతే పడుతుంది, టీ తోడైతే పోతుంది. ఇనుము మాత్రకీ కాల్షియం మాత్రకీ పడదు, రెండింటి మధ్యా రెండు గంటలు ఎడం ఉండాలి. కాల్షియంలోనూ సిట్రేట్ రకమే మేలు, దానికి కడుపులో ఆమ్లం అక్కర్లేదు.

డి3 విటమిన్ దగ్గర చిన్న యుద్ధమే జరిగింది. అది మామూలుగా గొర్రె ఉన్నిలోని జిడ్డు నుంచి తీస్తారట. గొట్టం మాత్రల తొడుగేమో జంతువుల ఎముకలు, తోళ్ల నుంచి వచ్చే జెలటిన్. "మందుకి కూడా మడేనా?" అని అమ్మగారు విసుక్కున్నారు. పాప వెతికి వెతికి రాతిపువ్వు జాతి లైకెన్ నుంచి తీసిన డి3 సంపాదించింది. అది వచ్చేదాకా మాత్రం ఉన్నది మానకుండా మింగింది. ఆ తెలివి నాకు నచ్చింది.

నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. ఎదురింటావిడ ఊరుకుంటుందా? "పాలు మానేస్తే ఊడదూ మరి!" అని తీర్పు చెప్పేసింది. ఒక్కసారిగా బరువు తగ్గినప్పుడు ఏ తిండి తినేవాళ్లకైనా జుట్టు ఊడుతుందనీ, చాలామందికి కొన్ని నెలల్లో మళ్లీ వస్తుందనీ ఆసుపత్రిలో చెప్పారు. అయినా నిర్లక్ష్యం చేయకుండా రక్తం పరీక్షించారు. ఇనుము నిల్వ తగ్గిందని తేలింది. మాత్ర మోతాదు పెంచారు. తప్పు పాపదీ కాదు, పప్పుదీ కాదు. పరీక్ష చేయించబట్టి తెలిసింది, అంతే.

చుట్టాలింట్లో భోజనాలప్పుడు మాత్రం నన్ను సంచిలో వేసుకెళ్లేది. "ఇంకో ముద్ద వేసుకోవే, మాడిపోతున్నావు" అని కొసరి కొసరి వడ్డించేవాళ్ల ముందు నన్ను బల్ల మీద పెట్టేది. మనవాళ్లకి నోటిమాటతో వద్దంటే వినపడదు, వెండి గిన్నెని చూస్తే నవ్వి ఊరుకుంటారు. ఓసారి మొహమాటానికి ముద్దపప్పన్నం రెండు ముద్దలు గబగబా తింది. గుండె దగ్గర పట్టేసి, అంతా కక్కేదాకా తెరిపి లేదు. అప్పట్నుంచి మొహమాటం తగ్గింది.

ఇప్పుడు పాప నాకంటే పెద్ద గిన్నెల్లోనే తింటోంది. మొలకెత్తిన పెసలు ఉడికించి, మీల్ మేకర్ కూర, రాగి జావ, పల్చటి పెసరట్టు ముక్క. ముందు మాంసకృత్తులు, తర్వాత కూరలు, అన్నం ఆఖరున చోటుంటేనే. నాకు మాత్రల మోతే మిగిలింది. పొద్దున ఇనుము, మధ్యాహ్నం కాల్షియం, రాత్రి మళ్లీ కాల్షియం. ఏ పూటవి ఆ పూట అమ్మగారే లెక్కబెట్టి నాలో వేస్తారు. పాలు మానిందని ఏడ్చిన మనిషి ఇప్పుడు బి12 నివేదికలో అంకెలు నాకంటే బాగా చదువుతారు.

మొన్న ఎదురింటావిడ వచ్చింది. "వదినగారూ, మీ అమ్మాయి ఆ చిన్న గిన్నెలో తినే ఇట్లా తగ్గిందటగా! నాలుగు రోజులు ఇద్దురూ, నేనూ పాలు గీలు మానేసి చూస్తాను" అంది.

అమ్మగారు నన్ను ఆవిడ చేతిలో పెట్టి, పక్కనే మాత్రల డబ్బా, పొడి డబ్బా, పరీక్షల ఫైలు పేర్చారు. "గిన్నె ఒక్కటే తీసుకెళ్తే లాభం లేదు వదినా. ఇవన్నీ కలిపితేనే ఒక సెట్టు" అన్నారు.

ఆవిడ ఫైలు నాలుగు పేజీలు తిరగేసి, నన్ను బల్ల మీద పెట్టేసి, రేపు పొద్దున్న నడకకి ఎన్ని గంటలకి వెళ్దామని అడిగింది.