బట్టల క్లిప్పు మహిమ

పాత స్పోర్ట్స్ కార్ల భక్తులకు అమెరికాలో ఒక దివ్యౌషధం ఉంది. ఎండలో బండి మొరాయిస్తే బానెట్ ఎత్తి, పెట్రోల్ పైపు పొడవునా చెక్క బట్టల క్లిప్పులు తగిలించాలి. అరగంటలో బండి కదులుతుంది. నిజంగానే కదులుతుందండీ, అబద్ధం కాదు.

ఎలా అని అడిగితే మాత్రం రెండు మఠాలు. క్లిప్పు పైపులోని వేడిని పీల్చేస్తుందని ఒకటి. బయటి వేడిని లోపలికి రానివ్వదని ఇంకొకటి. చెక్క వేడిని మోయదు కనుక మొదటిది చెల్లదు. అక్కడొకటి ఇక్కడొకటిగా కరుచుకున్న క్లిప్పులు పైపును కప్పవు కనుక రెండోదీ చెల్లదు. అయినా ఏ మఠానికీ శిష్యులు తగ్గలేదు.

ఇంతకీ రోగమేమిటి? బ్రిటిష్ బండి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌నే (1962–80) చూడండి. కార్బురేటర్లూ, ఎగ్జాస్ట్ మానిఫోల్డూ ఇంజన్‌కు ఒకే పక్కన కాపురం. పెట్రోల్ పంపు ఇంజన్‌కే అతుక్కుని, వెనకాల ట్యాంకు నుంచి పీల్చుకోవాలి. పీల్చే చోట ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే పెట్రోలు ఇంకా తొందరగా మరుగుతుంది. అందులోని తేలిక భాగాలు మామూలుగానే 40 డిగ్రీల దరిదాపుల్లో మరగడం మొదలెడతాయి. పంపులో ఆవిరి చేరి, కార్బురేటర్ నోరెండుతుంది. ఇదే వేపర్ లాక్. ఇంజన్ కట్టేస్తే ఫ్యాను కూడా ఆగి, వేడంతా బానెట్ కిందే ఉమ్మగిల్లుతుంది.

ఇక స్పిట్‌ఫైర్ బానెట్ ఎత్తడమంటే బండి ముందు భాగమంతా తెరిచిపెట్టడమే. క్లిప్పుల కోసం వెతికే లోపు ఇంజన్ గాలికి చల్లారుతుంది, ఆవిరి మళ్లీ పెట్రోలవుతుంది. కాకి వాలింది, తాటిపండు రాలింది. దండ మాత్రం కాకి మెడలో.

మన అంబాసిడర్ డ్రైవర్లు పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ కప్పేవారు. అది వెయ్యి రెట్లు నయం. నీరు ఆవిరవుతూ నిజంగానే వేడిని పట్టుకుపోతుంది.

ఈ మధ్య భక్తులకు ఒక రాక్షసుడు కూడా దొరికాడు: ఇథనాల్. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా అదే. కొద్ది పాళ్లలో కలిస్తే పెట్రోలు ఆవిరయ్యే గుణం పెరిగే మాట నిజమే. కానీ రాక్షసుడు రాకముందు కూడా క్లిప్పులున్నాయి కదా!

అసలు మందుల్లో మహిమ లేదు. ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెడితే అది పీల్చదు, తోస్తుంది. స్పిట్‌ఫైర్ ఈడుదే అయిన ఎంజీబీ కారుకు కంపెనీయే దాన్ని వెనక బిగించింది. కార్బురేటర్ల కింద హీట్ షీల్డ్, ఎగ్జాస్ట్‌కు దూరంగా పైపు. అంతే. కాకపోతే వీటికి డబ్బు కావాలి, ఓ ఆదివారం కావాలి, అన్నిటికన్నా ముందు రోగం ఒప్పుకోవాలి.

నమ్మకం కుదరకపోతే ఈసారి బండి ఆగినప్పుడు బానెట్ ఎత్తి, ఒక్క క్లిప్పూ పెట్టకుండా చెట్టు నీడన అరగంట కూర్చోండి. బండి స్టార్టవుతుంది. ఆ చెట్టుకు పసుపు కుంకుమ పెట్టకుండా ఇంటికి రాగలిగితే మీరు సగం మెకానిక్ అయినట్టే.