అమృతకాలపు పింఛను

తెలుగు నాటకమునకు విషాదాంతమును నేర్పిన ఖ్యాతి మా బళ్ళారిది. మంగళాంతమునకు అలవడిన ప్రేక్షకులను, ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు ‘విషాద సారంగధర’ నాటకముతో కంటతడి పెట్టించి ఇండ్లకుఁ బంపిరి. ఆ కళ అంతరించినదని విచారించువారు ఒక ప్రాతఃకాలమున సత్యనారాయణపేటకు వచ్చి, కాఫీ హోటలు ముంగిట గుమిగూడు విశ్రాంతోద్యోగుల సంభాషణమును ఆలకించినయెడల, కళ యథాపూర్వముగ వర్ధిల్లుచున్నదనియు, నాయకపాత్రము మాత్రము రాజకుమారుని విడిచి పి.ఎఫ్. చందాదారుని వరించినదనియు గ్రహింపఁగలరు.

“ఏమన్నా, బదికుండావని రాసిచ్చినావా?” అని ఒకరు. “యాడప్పా, వేలు పెడితే మిషను తీసుకోలే, మొగం సూపియ్యమన్నారు” అని మఱొకరు.

ఈ సంవాదమునకు కొంత వ్యాఖ్యానము అవసరము. పింఛనుదారుఁడు తాను సజీవుఁడనని ఏఁటికొకసారి ఋజువు చేసికొనవలెను. 2014 నవంబరునుండి ఈ కార్యమును ఆధార్ ముద్రలతో యంత్రము కూడ నిర్వహించుచున్నది. ముప్పదియేండ్లు కార్ఖానాలో ఇనుము పట్టిన వ్రేళ్ళకు గీతలు మిగులవు. గీతలు లేనివాఁడు జీవించియున్నాఁడని నమ్ముటకు యంత్రమొప్పదు. ఆ సంవత్సరమే సెప్టెంబరులో, ఇట్లు ఋజువైన ప్రాణమునకు నెలకు కనీసము వేయిరూపాయలు చాలునని ప్రభుత్వమువారు నిశ్చయించి, పదేండ్లు దాఁటినను ఆ నిశ్చయమునుండి చలింపని ధీరోదాత్తతను ప్రదర్శించిరి. ఉప్పు, పప్పు, మాత్రలు ఈ స్థైర్యమును అభ్యసింపకపోవుట వాని దోషమే కాని పింఛను పథకముది కాదు.

నిందకులు ఈ పథకముయొక్క తాత్త్వికతను ఎఱుఁగరు. 1995 నవంబరు 16న అవతరించిన ఉద్యోగుల పింఛను పథకమునకు ఒక దర్శనము కలదు. అద్వైతికి జగత్తు మిథ్యయైనట్లు, ఈ దర్శనమున పరిమితిని మించిన జీతము మిథ్య. తోరణగల్లులో ఉక్కు కరఁగించువాఁడు నలువదివేలు గడించినను, సండూరు గనులలో ఖనిజము తవ్వువాఁడు ముప్పదివేలు గడించినను, పథకపు దృష్టిలో వాని జీతము 2001 వఱకు అయిదువేలు, 2014 వఱకు ఆఱువేల అయిదువందలు, తదనంతరము పదునైదువేలు. యజమాని వాటానుండి ఈ పదునైదువేలమీఁద నూటికి 8.33 వంతున 1250 రూపాయలు పింఛను నిధిఁ జేరఁగా, కేంద్రము తన ఉదారహస్తముతో 1.16 వంతును జోడించును. పిమ్మట సగటు జీతమును కొలువు చేసిన ఏండ్లతో గుణించి డెబ్బదిచే భాగింతురు. ఆ వచ్చినదే వృద్ధాప్యమునకు వెల.

ఈ లెక్కన పదునైదువేలమీఁద ముప్పదియైదేండ్లు జమపడిన భాగ్యశాలికి నెలకు 7500 రూపాయలు లభించును. అయితే పదునైదువేల పరిమితి 2014లో వచ్చినది. అంతకుమునుపటి కొలువును ప్రాఁత పరిమితితోనే కొలుతురు. కావున ఇరువదియేండ్లు నిండినవారికి పథకము కానుకగ నిచ్చు రెండేండ్లను కలుపుకొన్నను, ఆ భాగ్యశాలి 2047 సెప్టెంబరునకు ముందు జనింపఁడు. స్వాతంత్ర్యమునకు నూఱేండ్లు నిండు ఆ సంవత్సరమువఱకుఁ గల కాలమునకు ప్రభుత్వమువారు అమృతకాలమని ఊరక పేరు పెట్టలేదు. అమృతము త్రాగినవాఁడే గదా అంతవఱకు ఆఁగఁగలవాఁడు!

విచిత్రమేమనఁగా, దేశమందంతట ధర్నాలు చేయుచున్న పింఛనుదారులు తమకుఁ గనీసము కావలెనని కోరునదియు ఆ 7500 రూపాయలే. దానికి కరవుభత్యము అదనము. వారి కనిష్ఠము పథకమునకు దాదాపు గరిష్ఠమైనచోట ఇరువురకును సంధి పొసఁగుటెట్లు? 2013లో రాజ్యసభ అర్జీల సంఘము, భగత్ సింగ్ కోశ్యారీగారి అధ్యక్షతను, కనీసము మూఁడువేలిండని సిఫారసు చేసెను. మఱుసటి యేఁడు దానిలో మూఁడవ పాలు మంజూరైనది. అధ్యక్షులు కాలక్రమమున మహారాష్ట్ర రాజభవనము నలంకరించిరి. మిగిలిన రెండు పాళ్ళు ఏ భవనము నలంకరించినవో తెలియదు.

న్యాయస్థానము నాశ్రయించినవారి కథ మఱింత రసవత్తరము. వాస్తవ జీతముమీఁద పింఛను కోరుకొనుటకు 2022 నవంబరు 4న సర్వోన్నత న్యాయస్థానము అర్హులకు నాలుగు మాసముల గడువొసఁగెను. ద్వారము తెఱచినది గాని, యజమానితో కలసి ఏనాఁడో చేసికొనియుండవలసిన ఉమ్మడి దరఖాస్తు జాడ యేదని పి.ఎఫ్. సంస్థ ద్వారపాలకులు ప్రశ్నించిరి. జాడ దొరకినవారిని, ఇన్నేండ్ల వ్యత్యాసమును వడ్డీతో ముందుగ చెల్లింపుఁడనిరి. యజమానులు జీతముల వివరములు పంపుటకు గడువు సాగి సాగి 2025 జనవరి చివరికిఁ జేరెను. యజమాని గడువు సాగఁదీసినకొలఁది సాగును. పింఛనుదారుని ఆయువునకు మాత్రము ఆ సౌకర్యము లేదు.

వీరికైన పథకమును తిట్టుటకొక హక్కున్నది. మా ఊరి జీన్సు కుట్టువారికి అదియును లేదు. పి.ఎఫ్. చట్టము ఇరువదిమంది పనివారున్న సంస్థలకు వర్తించును. కావున చిన్న కార్ఖానాలో ఇరువదవవాఁడు మిక్కిలి ప్రమాదకారి. వాఁడు గడప దాఁటినయెడల తక్కిన పందొమ్మండుగురకును హఠాత్తుగ వృద్ధాప్యము సంభవించును. ఇక ఇంట కూర్చుండి పీసు లెక్కన కుట్టు ఇల్లాండ్రు చట్టము కంటికి నిత్యయౌవనవతులు.

ఇంతకును, పింఛనును ధరలతో ముడిపెట్టు విద్య ఏలినవారికి తెలియనిది కాదు. 2025 మార్చిలో మాజీ పార్లమెంటు సభ్యుల పింఛను ఇరువదియైదువేలనుండి ముప్పదియొక్క వేలకుఁ బెరిగినది, అదియు 2023 ఏప్రిలునుండి వర్తించునట్లు. ధరల సూచిక పెరిగినది గనుక పెంచితిమని హేతువు చెప్పిరి. ధర్నా లేదు, దరఖాస్తు లేదు, వ్రేళ్ళగీతలు అరిగినవారును లేరు. అయిదేండ్లకు మించి సేవించిన ప్రతి సంవత్సరమునకును అదనపు మొత్తము వేఱుగఁ గలదు.

ఈ భేదమును సహింపలేక సత్యనారాయణపేట హోటలు సభ ఒక తీర్మానము చేసినది. తమకు పెంపు అక్కఱలేదు. తమ సూత్రమునే పార్లమెంటు సభ్యులకును వర్తింపఁజేసిన చాలును. అయిదేండ్లు సభలోఁ గూర్చున్నవారి జీతమును పదునైదువేలుగ భావించి, అయిదుచే గుణించి, డెబ్బదిచే భాగింపఁగా 1071 రూపాయలు వచ్చును. అయితే పథకమున పదేండ్లు నిండనిదే నెలసరి పింఛను లేదు కావున, ఆ 1071 కూడ రాదు. కట్టిన చందాకు లెక్కగట్టి యిచ్చు స్వల్పమొత్తముతో తృప్తిచెందవలెను. ఈ తీర్మానము ఢిల్లీ చేరి చట్టమైననాఁడు, పదేండ్ల నియమము, పదునైదువేల పరిమితి, డెబ్బదితోడి భాగహారము, ఏ సంఘపు సిఫారసునకును వేచియుండక, ఆ సమావేశములోనే, మూజువాణి ఓటుతో, మధ్యాహ్న భోజనమునకు ముందే రద్దగునని సభవారి దృఢవిశ్వాసము.