గాజుగోడ ముందు డిజైనరు

మాదాపూర్‌లో ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ ఏదైనా సరే, లోపల ఒక గాజుగోడ, దాని నిండా పసుపుపచ్చ చీటీలు ఉంటాయి, ఎదురుగా గడ్డం నిమురుకుంటూ ఒక కుర్రాడు ఉంటాడు. ఆ కుర్రాడే యూఎక్స్ ఇంటర్న్, అంటే వాడేవాళ్లకి సులువుగా ఉండేలా తెరలు గీసేవాడు. ఆరు నెలల స్టైపెండు మనిషి. 'మావాడు డాక్టర్ల కంప్యూటర్లలో పనిచేస్తున్నాడు' అని వాళ్లమ్మ చుట్టాలందరికీ చెప్పేసింది కాబట్టి, ఏ పెళ్లికెళ్లినా ఎవరో ఒక పెద్దమ్మ మోకాలు చూపించి మాత్ర అడుగుతుంది. ఏదో ఒకటి చెప్పేస్తున్నాడనే నా అనుమానం.

క్యాంటీన్‌లో దోసె ఆలస్యమైతే మనం 'ఇంకెంతసేపయ్యా' అంటాం. అతను 'సిస్టమ్ స్టేటస్ కనిపించట్లేదు' అంటాడు. యాకోబ్ నీల్సన్ 1994లో కూర్చిన పది డిజైన్ సూత్రాల్లో మొదటిది అదే మరి: లోపల ఏం జరుగుతోందో వాడేవాడికి తెలుస్తూ ఉండాలి. దోసె మాస్టారు నీల్సన్‌ని చదవలేదు. అట్లకాడతోనే 'కూచో' అని సైగ చేస్తాడు.

మొదటి వారంలోనే మనవాడు ఒక నర్సును పుట్టించాడు. పేరు లక్ష్మి, వయసు 29, సంగీతమంటే ఇష్టం, టెక్నాలజీ అంటే మోజు. నెట్‌లో దొరికిన ఫొటోలో నీలికళ్లు. ఇలాంటి ఊహామనుషుల్ని 1999 నాటి పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చిన అలన్ కూపర్, ముందు అసలు మనుషుల్ని గమనించమన్నాడు. ఆ పేజీ దాకా మనవాడు వెళ్లలేదు. గీసిన తెరని అయిదుగురితో పరీక్షిస్తే చాలని నీల్సనే 2000లో రాశాడు గనక, అయిదుగురిని పట్టాడు: పక్కసీటు మిత్రుడు, హెచ్ఆర్ మేడమ్, ఇద్దరు రూమ్మేట్లు, గేటు దగ్గర సెక్యూరిటీ అన్న. అందరూ 'సూపర్' అన్నారు. వీళ్లలో ఒక్కరూ ఎవరికీ సూది వేసి ఎరగరు.

చివరికి వార్డుకి పంపారు. అక్కడ సిస్టర్‌కి యాభై దాటాయి, చేతులకి గ్లవుజులు, ఒక కన్ను సెలైన్ మీద. బీపీ చూడటం, బాల్‌పెన్నుతో అరచేతి వెనక రాసుకోవడం, డ్యూటీ దిగేముందు అన్నీ కలిపి కంప్యూటర్లో కొట్టేయడం ఆమె పద్ధతి. మనవాడి తెర మీద తెలుపు, దాని మీద లేత బూడిదరంగు అక్షరాలు. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కనీసం 4.5:1 తేడా ఉండాలన్న ప్రమాణం అతనికి కంఠతా వచ్చు. అయినా బూడిదరంగే 'క్లీన్'గా ఉంటుందట. సిస్టర్ కళ్లజోడు తీసింది, పెట్టుకుంది, మళ్లీ తీసింది. ప్రతి మందుకీ లేచే హెచ్చరిక డబ్బాలని చదవకుండానే టకటకా మూసేసింది. హెచ్చరికలు ఎక్కువైతే జనం ఏదీ పట్టించుకోరని మనవాడు ఆ రాత్రే చదివి, తెల్లారేసరికి ఇంకో డబ్బా చేర్చాడు: 'నిజంగా మూసేయాలా?'

అన్యాయంగా మాట్లాడకూడదు. రిజిస్ట్రేషన్ కౌంటర్లో 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు ఒకే గడిలో కొడుతూ తప్పులు పోతుంటే, కార్డు మీద ఉన్నట్టే 2-4-4-4గా విడగొట్టింది అతనే. క్యూ కదిలింది. ఆ మార్పుకి పట్టింది ఒక్క పూట. అందుకే దాన్ని ఎవరికీ చెప్పుకోడు. ఒక్క పూట పనికి ప్రెజెంటేషన్ ఏముంటుంది?

వార్డులో రెండోరోజు నోట్‌బుక్కు తెరిచి, 'సిస్టర్, మీ రోజు ఎలా మొదలవుతుందో చెప్తారా?' అని మెత్తగా అడిగాడు.

'నువ్వు కంప్యూటర్ పిల్లగానివే గదా తమ్ముడూ? ప్రింటర్ల కాయితం ఇరుక్కుంది, జెర తియ్యి.'

తీశాడు. మర్నాడు పై అంతస్తు సిస్టర్లు కూడా పిలిచారు. ఇప్పుడతని పోర్ట్‌ఫోలియోలో మొట్టమొదటి ప్రాజెక్టు పేరు: 'బహుళ అంతస్తుల ఆస్పత్రిలో డిశ్చార్జ్ పత్రాల జర్నీకి అడ్డంకుల తొలగింపు.'