బుర్రకు బాడిగ

బ్రహ్మదేవుడికి వ్యాపారం తెలియదు. 22 ఎముకలు కూర్చి పుర్రె చేశాడు. లోపల మూడు పొరలు పరిచాడు. 150 మిల్లీలీటర్ల ద్రవంలో మెదడును తేల్చి, ఆ ద్రవం రోజుకు మూడు నాలుగు సార్లు కొత్తగా ఊరే ఏర్పాటూ చేశాడు. కిలో నాలుగొందల గ్రాముల ఆ సరుకు సుమారు 20 వాట్లతో నడిచిపోతుంది. మనవాళ్లు మందబుద్ధిని ట్యూబ్‌లైటని వెక్కిరిస్తారు గానీ, పాతకాలం ట్యూబ్‌లైటు 40 వాట్లు తాగేది. ఇంత చేసీ ఆ మహానుభావుడు నెలవారీ చందా పెట్టలేదు. తలరాత కూడా ఉచితంగానే రాసిచ్చాడు.

ఈ నష్టాన్ని పూడ్చడానికి కథకులు ఎప్పుడో నడుం కట్టారు. కర్ట్ సియోడ్‌మాక్ 1942 నాటి నవల ‘డొనొవాన్స్ బ్రెయిన్’లో చచ్చిన కోటీశ్వరుడి మెదడును ఓ డాక్టరు తొట్టిలో పెట్టి బతికిస్తాడు. అది కాస్తా డాక్టరునే నౌకరును చేసుకుంటుంది. ఒళ్లు పోయినా పెత్తనం పోలేదన్నమాట.

అసలు ఘనత జపాన్‌ది. మసమునె షిరో బొమ్మల కథ ఆధారంగా మమొరు ఒషీ 1995లో తీసిన ‘ఘోస్ట్ ఇన్ ది షెల్’లో మేజర్ కుసనగికి ఒళ్లంతా యంత్రమే. మిగిలిన మెదడు కృత్రిమ కపాలంలో, నెట్‌వర్కుకు తగిలించి, భద్రంగా ఉంటుంది. మేజర్ మేడల మీంచి దూకుతుంది, చూస్తుండగానే మాయమవుతుంది. మరి ఆ సర్కారు ఉద్యోగం మానేస్తేనో? ఆ ఒళ్లూ, మెరుగులు దిద్దిన మెదడూ సర్కారుకు అప్పగించి పోవాలి. మనమైతే ల్యాప్‌టాప్, ఐడీ కార్డు ఇచ్చేసి నో డ్యూస్ కాగితం తెచ్చుకుంటాం. ఆవిడకు ఆ కాగితం పట్టుకోవడానికి చెయ్యి కూడా మిగలదు.

అదే సినిమాలో చెత్తబండి మీద పనిచేసే ఓ మనిషి ఉంటాడు. పెళ్లాం విడాకులడుగుతోందని, కూతురు దూరమైందని కుమిలిపోతుంటాడు. చివరికి పోలీసులు కూర్చోబెట్టి చెబుతారు: నీకు పెళ్లే కాలేదు, కూతురు లేదు, కూతురిదని నువ్వు చూపించే ఫోటోలో ఉన్నది నువ్వే. ఎవడో వాడి బుర్రలోకి దూరి లేని సంసారాన్ని ఎక్కించి పోయాడు. పుర్రె ఉక్కుదే కావచ్చు, దొడ్డిదారి తీసే ఉంది.

యుకితో కిషిరో బొమ్మల కథ ‘బ్యాటిల్ ఏంజెల్ అలీటా’ ఇంకో మెట్టు ఎక్కింది. ఆకాశంలో వేలాడే జాలెం నగరంలో పిల్లలు పెద్దవాళ్లు కాగానే, వాళ్లకే తెలియకుండా మెదడు తీసేసి చిప్ పెడతారు. లోపల సరుకే లేకపోతే కాపాడే ఖర్చు ఉండదు. ఇంతకన్నా పొదుపైన ఇంజనీరింగ్ ఎక్కడుంది?

ఇవన్నీ కథలే కదా అంటారా? 2024 జనవరిలో న్యూరాలింక్ సంస్థ తొలిసారి ఒక మనిషి పుర్రెకు రంధ్రం చేసి, నాణెమంత యంత్రాన్ని అక్కడ బిగించింది. కాళ్లూ చేతులూ పడిపోయినవాడు తలపుతోనే కర్సర్ కదిలించాడంటే చేతులెత్తి మొక్కాలి. కొన్ని వారాలకే మెదడు లోపలికి దించిన సన్నని తీగలు చాలా వరకు జారిపోయాయి. సాఫ్ట్‌వేర్ సర్ది నెట్టుకొచ్చారు. నా పేచీ ఆ రోగితో కాదు, తీగలతోనూ కాదు. దుకాణంతోనే.

సెకండ్ సైట్ అనే అమెరికన్ కంపెనీ చూపు పోయినవాళ్ల కళ్లలో ‘ఆర్గస్ 2’ అనే పరికరాన్ని అమర్చింది. 2013లో అక్కడి సర్కారు అనుమతీ వచ్చింది. 2019లో కంపెనీ దాన్ని పక్కన పెట్టేసింది. మరుసటి ఏడు సిబ్బందిలో ఎక్కువమందిని ఇంటికి పంపింది. ప్రపంచవ్యాప్తంగా 350 మందికి పైగా కళ్లలో ఆ కంపెనీ సరుకు అలాగే ఉండిపోయింది. పాడైతే విడిభాగం లేకపోయింది, ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేకపోయింది. కన్ను కాబట్టి చీకటితో సరిపోయింది.

ఇదే కపాలానికి జరిగితే ఎలా ఉంటుందో చూడండి. పోషక ద్రవం అధీకృత కేంద్రంలోనే నింపించాలి. బయట నింపిస్తే వారంటీ చెల్లదు. కిస్తీ తప్పితే జ్ఞాపకాలు తాత్కాలికంగా నిలిపివేయబడును. ప్రాథమిక ప్యాకేజీలో పెళ్లాం పేరు ఒక్కటే, అత్తగారి ఊరు కావాలంటే ప్రీమియం. ఆక్సిజన్ ఆగితే మెదడు నాలుగైదు నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది. ‘తెలుగు కొరకు రెండు నొక్కండి’ దగ్గరి నుంచి ‘మా ప్రతినిధులందరూ బిజీగా ఉన్నారు’ దాకా రావడానికే ఆ గడువు చాలదు. ఆ పైన లైన్లో సన్నాయి.

దీన్ని ముందే పసిగట్టిన దేశం చిలీ. 2021లో రాజ్యాంగాన్నే సవరించి మెదడు కార్యకలాపానికీ, అందులోంచి వచ్చే సమాచారానికీ రక్షణ రాసుకుంది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు, ఒక మాజీ సెనేటర్ మెదడు సంకేతాలను తుడిచేయమని ఎమోటివ్ అనే కంపెనీని ఆదేశించింది. అదే ఏడాది మన పార్లమెంటు కూడా డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. అందులో మెదడు ప్రస్తావన లేదు.