తప్పు స్వరాల జోలికి పోకండి

పియానో నేర్చుకునేవాళ్లు తాము వాయించింది ఫోన్‌లో రికార్డు చేసి "ఎలా ఉందో చెప్పండి" అని పంపిస్తే, మనం చేసే మొదటి పని తప్పులు పట్టడం. ఆ పని మానేయండి. తప్పు మెట్టు నొక్కిన సంగతి నొక్కినవాళ్లకి మనకంటే ముందే తెలుసు. పియానిస్టు హోరోవిట్జ్ అంతటివాడే పన్నెండేళ్ల విరామం తర్వాత 1965 మే 9న కార్నెగీ హాల్లో వేదికెక్కి, బాఖ్-బుసోనీ టొకాటా మొదట్లోనే తప్పు స్వరాలు పలికించాడు. అప్పట్లో రికార్డు మీద దిద్దుబాట్లు చేసి విడుదల చేశారు. దిద్దనిది 2003లో వచ్చింది. రెండూ దొరికితే దిద్దనిదే వినండి.

బీతోవెన్ తన తమ్ముడి కొడుకు కార్ల్‌కి పాఠాలు చెబుతున్న చెర్నీకి ఒక ఉత్తరం రాశాడు. వేళ్లు, తాళం, స్వరాలు ఒక దారికొచ్చాక చిన్న పొరపాట్లకి మధ్యలో ఆపొద్దని, మొత్తం వాయించాక చెప్పమని అందులో కోరాడు. నేనైతే చివర్లో కూడా చెప్పొద్దంటాను.

మరి ఏం చెప్పాలి? ముందు స్కోరు మూసేయండి. అది ఎదురుగా ఉంటే చూపంతా తప్పుల మీదే ఉంటుంది. ఔత్సాహికులు తరచుగా పంపే షోపాన్ నాక్టర్న్‌నే తీసుకుందాం, 1832లో అచ్చయిన ఓపస్ 9 నంబరు 2. కుడిచేతి పాట గురించీ, చివర్లో తాళం వదిలేసి సాగే ఆ స్వరాల గుంపు గురించీ ఎలాగూ అందరూ మాట్లాడతారు. మీరు ఎడమచెయ్యి వినండి. కింద ఒక మంద్రస్వరం, దాని వెంటే పైన రెండు కార్డులు, ముక్క పొడవునా దాదాపు ఇదే నడక. చెయ్యి పైకి దూకేలోపు పెడల్ ఆ మంద్రస్వరాన్ని పట్టుకోవాలి. కాలు ఆలస్యమైతే స్వరం తెగిపోతుంది, పైన పాట ఎంత బాగున్నా ఆధారం లేకుండా వినిపిస్తుంది. ఇంకొందరికి కార్డులే బరువుగా పడి నాక్టర్న్ కాస్తా వాల్ట్జ్ అయిపోతుంది. "నాలుగో బార్‌లో మీ మంద్రస్వరం నాకు వినపడలేదు" అనండి, అంతే. కారణం పెడలో, చిటికెనవేలో వాళ్లే వెతుక్కుంటారు. వెతుక్కుంటేనే వస్తుంది.

గట్టిగా, మెల్లగా వాయించడంలో తేడా లేదని మాత్రం తొందరపడి అనకండి. చాలా ఫోన్లు మెల్లని చోట శబ్దాన్ని వాటంతటవే పెంచి, గట్టి చోట తగ్గించేస్తాయి. ఆ నేరం వాయించినవాళ్లది అయి ఉండకపోవచ్చు.

ఇక పంపేవాళ్లకి. బాగా వచ్చిన టేక్ ఎవరికీ పంపకండి. ఇరవైసార్లు వాయించి ఏరుకున్నదాని మీద సలహా అడిగితే, ఆ ఒక్కసారి కుదిరిన అదృష్టం మీద సలహా వస్తుంది. ఆ రోజు మొదట వాయించినదే పంపండి. సంగీత పరీక్షలు పెట్టే ఏబీఆర్ఎస్ఎమ్ వాళ్లు 2020లో తెచ్చిన పెర్ఫార్మెన్స్ గ్రేడ్లలో కూడా నాలుగు ముక్కలూ ఒకే టేక్‌లో, మధ్యలో ఆపకుండా వాయించి పంపాలి. "బాగుంది" అన్నవాళ్లని వదలకుండా "ఎక్కడ విసుగొచ్చింది?" అని అడగండి.

పియానో తెలిసినవాళ్లకే వినిపించాలన్న పట్టింపూ వద్దు. ఇంట్లో పిన్నిగారో అత్తయ్యగారో కర్ణాటక సంగీతం నేర్చుకుని ఉంటే ముందు వాళ్లకి వినిపించండి. షోపాన్ పేరు విని ఉండకపోయినా లయ జారిన చోట తాళం వేస్తున్న వాళ్ల వేలు టక్కున ఆగుతుంది. కుడిచెయ్యి ఎంత స్వేచ్ఛ తీసుకున్నా ఎడమచెయ్యి తాళం తప్పకూడదని షోపాన్ తన శిష్యులకి చెప్పేవాడు. ఆ లెక్కన వాళ్ల వేలు ఆగిన చోటే మీరు పని చేయాల్సిన చోటు.

ఎవరైనా పంపితే జవాబు మాత్రం బాకీ పెట్టుకోకండి. ఒక్క బార్ గురించైనా సరే, రెండు రోజుల్లో చెప్పేయండి.