స్టూలు సారు

బండిని షెడ్డులో వదిలేసి సాయంత్రం వచ్చి తీసుకుపోయేవాళ్ళు మామూలు మనుషులు. వాళ్ళ గురించి రాయడానికి ఏమీ ఉండదు. స్టూలు సారు అలా కాదు. బండికి స్టాండు వేసిన మరుక్షణమే షెడ్డులో ఉన్న ఒకే ఒక్క స్టూలు లాక్కుని, రుమాలు పరిచి కూర్చుంటాడు. నిజానికది మెకానిక్ కూర్చుని పని చేసుకునే స్టూలు. భాయ్ ఏమీ అనడు. ఖాళీ ఆయిల్ డబ్బా ఒకటి బోర్లించుకుంటాడు.

తను కన్ను పక్కకి తిప్పితే బండిలోని మంచి సామాను మాయమై, ఆ చోట ఏదో పాత ముక్క వచ్చి కూర్చుంటుందని సారు భయం. ఎవరి బావమరిదికో అలా జరిగిందట. ఆ బావమరిదిని కళ్ళారా చూసినవాళ్ళు లేరు గానీ, ఆయనకి జరిగిన అన్యాయానికి హైదరాబాదులో మెకానిక్కులందరూ ఇప్పటికీ సంజాయిషీ చెప్పుకుంటూనే ఉన్నారు.

ఈసారి పని చిన్నదే. సారు స్ప్లెండర్‌కి ముందు స్ప్రాకెట్ మార్చాలి. ఆయన నోట అది స్ప్లెండర్ కాదు, ‘హీరో హోండా’. ఆ రెండు కంపెనీలూ 2010లో విడిపోవాలని తేల్చుకున్నా, ఆ విడాకుల్ని సారు ఇంతవరకూ గుర్తించలేదు.

స్ప్రాకెట్ సారే కొనుక్కొచ్చాడు. సామాను మెకానిక్ చేత తెప్పించడమంటే దొంగ చేతికి తాళాలు ఇవ్వడమేనని ఆయన సిద్ధాంతం. పుత్లీబౌలిలో కనపడిన దుకాణమల్లా ఎక్కి, అట్టపెట్టె మీది హోలోగ్రాంని ఎండలోకి తెచ్చి అటూ ఇటూ తిప్పి చూశాడు. అసలు హోలోగ్రాం ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు. కానీ తను అలా చూస్తుంటే దుకాణదారు ముఖంలో ఏమైనా తేడా వస్తుందేమోనని చూస్తాడు. ఒక దుకాణదారు మాత్రం పద్నాలుగు పళ్ళకి బదులు పదిహేను పళ్ళది వేసుకోమని ఆశ పెట్టాడు. సారు అక్కడే లెక్క కట్టాడు: పద్నాలుగుకి ఒకటి, అంటే ఏడు శాతం. మైలేజీ కూడా ఏడు శాతం పెరుగుతుందని పొంగిపోయి, తీరా డబ్బులు తీసే ముందు అనుమానం వచ్చి మానుకున్నాడు. ఇంత లాభముంటే కంపెనీవాడే ఎందుకు వెయ్యలేదు? ఆయన అనుమానాలన్నిటిలో ఎన్నదగినది ఇదొక్కటే. ముందు ఒక పన్ను పెంచితే వెనక సుమారు మూడు పళ్ళు తగ్గించినట్టే. స్పీడు అంతే ఉండి ఇంజిను కాస్త నెమ్మదిగా తిరిగే మాట నిజమే గానీ, ఇద్దరెక్కి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి ఆయాసపడుతుంది, గేరు దించాల్సి వస్తుంది. మైలేజీ ఆ దించడంలోనే పోతుంది.

షెడ్డులో మొదటి కార్యక్రమం పళ్ళ లెక్క. సారు స్ప్రాకెట్‌ని ఒళ్ళో పెట్టుకుని లెక్కపెట్టాడు. పదిహేనొచ్చాయి. మళ్ళీ లెక్కపెడితే పదమూడు. గుండ్రటి వస్తువుకి మొదలెక్కడో గుర్తుండదు కదా. మూడోసారి ఒక పన్ను మీద పెన్నుతో చుక్క పెట్టుకుని మొదలుపెట్టేసరికి, భాయ్ నల్లటి వేలితో దాని మీదే అచ్చుగుద్ది ఉన్న 14 అంకెని చూపించాడు. సారు ఆ అంకెని కూడా ఒకసారి గోటితో గీకి చూశాడు.

భాయ్ గేరు లీవరు పీకి, ఎనిమిది టీ పానాతో పక్క కవరు బోల్టులు ఊడదీశాడు. లోపల నల్లటి ముద్ద. చైనుకి కొట్టిన ఆయిలూ రోడ్డు దుమ్మూ ఏళ్ళ తరబడి కలిసి గట్టిపడి, స్ప్రాకెట్ వెనక మూలల్లో పేరుకుపోయి ఉంది. స్క్రూడ్రైవరుతో గీకుతుంటే పెళ్ళలు పెళ్ళలుగా ఊడి కింద పడింది. అది కూడా తన బండి సామానేనా అన్నట్టు సారు కాస్త ముందుకు వంగాడు. ముద్దంతా పోయాక స్ప్రాకెట్ కనపడింది. పళ్ళన్నీ ఒక పక్కకి వాలి, కొసలు సూదిదేలి ఉన్నాయి. వెనక చక్రం ఒకసారి తిరిగేలోగా పాపం ఇది మూడుసార్లు తిరగాలి. ముందుగా అరగకేం చేస్తుంది?

భాయ్ చైన్ కవరు కూడా విప్పి, వెనక స్ప్రాకెట్ మీది చైనుని రెండు వేళ్ళతో పట్టి వెనక్కి లాగాడు. చైను లేచి, కింద పన్ను సగం బయటపడింది.

“సార్, చైను కూడా అయిపోయింది. మొత్తం సెట్టు మార్చాలె. ఒక్క చిన్న స్పాకెట్ వేస్తే ఫాయిదా లేదు.”

సారు నవ్వాడు. కమీషన్ వాసన తగిలినప్పుడు నవ్వే నవ్వు అది. “ఇనుము ఎక్కడైనా సాగుతుందా భాయ్?”

ఇనుము సాగదు, అందులో సారుది తప్పేమీ లేదు. చైను సాగిందంటాం గానీ అరిగేవి లోపలి పిన్నులూ బుష్షులూ. ఒక్కో లింకులో వెంట్రుకవాసి ఖాళీ వచ్చినా, వంద పైచిలుకు లింకుల్లో అదంతా కలిసి చైను పొడవు పెరుగుతుంది. లింకుకీ లింకుకీ ఉండాల్సిన అరంగుళం దూరం తప్పుతుంది. అలాంటి చైను కొత్త పళ్ళ మీద సరిగా కూర్చోదు. ఇదంతా చెబితే ఇంకో గంట వాదన. భాయ్ చెప్పలేదు. ఇరవై ఏళ్ళ అనుభవంతో అసలు మందు వేశాడు.

“సార్, జర వెనక బ్రేకు తొక్కి పట్టుకోండి.”

అంతే, సారు ముఖం వెలిగిపోయింది. అనుమానించేవాడికి ఏదో ఒక పని అప్పగిస్తే సగం అనుమానం చెమటలో పోతుందని ఆ షెడ్డు శాస్త్రం. ఊరికే పెట్టిన పని కూడా కాదు. ఇరుసు నట్టు వదులు చెయ్యకముందే, బండి గేరులో పెట్టి బ్రేకు తొక్కి ఉంచితే ఇంజిను షాఫ్టు తిరక్కుండా ఉంటుంది. అప్పుడు స్ప్రాకెట్‌ని పట్టి ఉంచే ప్లేటుకున్న రెండు బోల్టులూ పది పానాకి లొంగుతాయి. బోల్టులు ఊడాక భాయ్ చైను వదులు చేసి, పాత స్ప్రాకెట్ పీకి, షాఫ్టు గాళ్ళు తుడిచి, కొత్తది తొడిగాడు. దాని మీద ప్లేటుని గాడి దాకా తోసి కాస్త తిప్పితే బోల్టు బెజ్జాలు ఎదురెదురుగా వచ్చాయి. బోల్టులు బిగించాడు.

సారు బ్రేకు వదలకుండానే చెయ్యి చాచి కొత్త స్ప్రాకెట్‌ని కదిపి చూశాడు. “భాయ్! ఊగుతోంది!”

“ఊగాలె సార్. చైను లైన్ల నడవాలంటే జర ఆడుడు ఉంటది.”

ఆ సమాధానం ఆయనకి నచ్చలేదు. బిగించిన వస్తువు ఊగడం ఆయన పెరిగిన పద్ధతిలో లేదు. అయినా పాత సామాను వైపు చెయ్యి చాపాడు. ప్రతి పనికీ ముగింపు అదే. అరిగిన స్ప్రాకెట్‌ని పేపర్లో చుట్టి సంచిలో వేసుకున్నాడు. ఇంట్లో అటక మీద ఒక బోర్నవిటా డబ్బా ఉంది. అందులో కాలిన ప్లగ్గులు, అరిగిన బ్రేకు షూలు, తెగిన క్లచ్ వైర్లు ఉంటాయి. “ఇవన్నీ అతికించి ఇంకో బండి చేస్తారా?” అని భార్య ఎన్నిసార్లు అడిగినా పాత ఇనుం వాడికి వెయ్యనివ్వడు. వేస్తే మెరుగు పెట్టి, కొత్త అట్టపెట్టెలో పెట్టి, మళ్ళీ తనకే అమ్ముతారట.

వారం తిరక్కముందే బండి కటకటలాడింది. సారు తిన్నగా పుత్లీబౌలి వెళ్ళి, డూప్లికేట్ అంటగట్టావని దుకాణదారు మీద విరుచుకుపడ్డాడు. అతను గల్లాపెట్టె దగ్గర్నుంచి లేవకుండానే, “చైను మార్చిండ్రా?” అని ఒక్క మాట అడిగాడు.

మర్నాడు మొత్తం సెట్టు సంచిలో పెట్టుకుని సారు షెడ్డుకొచ్చాడు. భాయ్ ఏమీ గుర్తు చెయ్యలేదు, బ్రేకు తొక్కమన్నాడు. పని నడుస్తుండగా ఒక కుర్రాడు చేతిలో ఒంటరి స్ప్రాకెట్‌తో వచ్చి, ఇదొక్కటే మార్చాలని చెప్పాడు. భాయ్ నోరు విప్పేలోపే సారు అందుకున్నాడు.

“ఒక్కటి మారిస్తే ఏం లాభం బాబూ? సెట్టు మొత్తం మార్చాలి. ఈ భాయ్ పనిమంతుడే గానీ, ఇలాంటి సంగతులు మనం చెబితే తప్ప తెలియవు.”